పక్క వీధికెళ్లిన ఇంటర్నెట్

శుక్రవారం పొద్దుటికి లక్ష్మీకాంతమ్మ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏడింటికి తన సందులో కాలువ తవ్వడం మొదలవుతుంది. పన్నెండింటికి ఫైబర్ కేబుల్ గుమ్మం దాటి లోపలికొస్తుంది. రెండింటికి ఇంటర్నెట్ వస్తుంది. సాయంత్రం ఐదు లోపల నలభై కలంకారీ డిజైన్ల ఫోటోలు ముంబై చేరతాయి. ఇందులో మిగతా ప్రపంచం చెయ్యవలసిందల్లా ఆవిడ చెప్పినట్టు వినడం. ప్రపంచానికి ఆ మాత్రం బుద్ధి లేకపోవడమే ఆవిడకి మొదట్నించీ ఉన్న బాధ.

పెడనలో ఆవిడ అద్దకం షెడ్డుకి ఒకప్పుడు మంచి పేరుండేది. ఎనిమిది బల్లలు, బల్లకి ఇద్దరు మనుషులు. ఈ రెండేళ్లలో ఎక్కడెక్కడి మిషన్లో కలంకారీ పేరు పెట్టుకుని గుడ్డలు గుద్ది పారేస్తుంటే, మూడు బల్లల మీద టార్పాలిన్ కప్పాల్సి వచ్చింది. ఇప్పుడు ముంబైలో ఒక పెద్ద దుకాణం వాళ్లు డిజైన్లు చూపించమన్నారు. శుక్రవారం ఐదింటికల్లా ఫోటోలు అందకపోతే ఇంకొకర్ని చూసుకుంటామన్నారు. ఈ ఆర్డరు పోతే నాలుగో బల్ల మీద కూడా టార్పాలిన్ పడుతుంది, దాని దగ్గర నిలబడే ఇద్దరూ ఇళ్లకి పోతారు. ఆవిడకి వారం రోజులుగా నిద్ర లేదు.

ఇంట్లో కంప్యూటరు ఉంది, నెట్టూ ఉంది. ఉండి ఏం లాభం? అది ల్యాండ్‌లైను మీద నడిచే నెట్టు. ఒక్క ఫోటో పోవడానికి అరగంట, ఇరవయ్యెనిమిదో నిమిషంలో లైను తెగిపోవడం. కూతురు హారిక నాలుగు రోజుల పాటు రేయింబవళ్లు ఆ లైను పట్టుకుని కూర్చుంటే మూడు ఫోటోలు వెళ్లాయి. బందరు వెళ్లి నెట్ సెంటర్లో కూర్చుందామంటే, పక్క కుర్చీలో ఉన్నవాడు డిజైన్లు ఎత్తుకుపోతాడని ఆవిడ ఒప్పుకోలేదు. భర్త బందరు కోర్టులో గుమాస్తా. ఆరున్నర రైలుకి వెళ్లిపోయి ఇంటి గొడవలన్నిటికీ దూరంగా బతికే అదృష్టం ఆయనది.

అప్పుడు దొరికాడు కేబుల్ టీవీ సత్తిబాబు. గుడివాడ నుంచి బందరుకి వేసిన పెద్ద ఫైబర్ లైనులోంచి అతను పెడన బజారు దాకా ఒక పాయ తెచ్చుకున్నాడు. అక్కడి నుంచి ఆవిడ ఇంటికి తవ్వించడమే మిగిలింది.

"అక్కా, శుక్రవారం వద్దు, సోమవారం పెట్టుకుందాం. శుక్రవారం నేతగాళ్ల వీధిలో పడుగులు వేస్తారు" అన్నాడు సత్తిబాబు.

"వాళ్ల పడుగులతో నాకేం పని? తవ్వేది నా సందులో."

"తవ్వేవాళ్లు దివిసీమ నుంచి వస్తున్నారక్కా, ఊరికి కొత్త..."

"కొత్తయితే మరీ మంచిది, కబుర్లు చెప్పుకోకుండా పని చేస్తారు."

గురువారం సాయంత్రం సత్తిబాబు ఆవిడ సందు పొడుగునా కర్ర మేకులు పాతి, వాటికి ఎర్ర గుడ్డ పీలికలు కట్టి, తవ్వేవాళ్లకి కనబడేలా గుర్తులు పెట్టి వెళ్లాడు.

శుక్రవారం ఏడయింది. ఏడున్నర అయింది. సందులో పిట్ట కూడా లేదు. సత్తిబాబు సెల్లుకి చేస్తే స్విచ్చాఫ్. ఎనిమిదింటికి పాలు తేవడానికి వెళ్లిన హారిక ఖాళీ గిన్నెతో తిరిగొచ్చింది.

"అమ్మా, తవ్వేస్తున్నారు."

"ఎక్కడే?"

"ఆంజనేయులు మావయ్య వాళ్ల వీధిలో."

ఆ పేరు ఆ ఇంట్లో మూడేళ్లుగా ఎవరూ ఎత్తరు. ఆంజనేయులు నేతపనిలో ఆ చుట్టుపక్కల చెప్పుకోదగ్గ మనిషి. ఎదురుగా ఇన్ని మగ్గాలు పెట్టుకుని ఈవిడ ఎక్కడో మిల్లు గుడ్డ తెచ్చి దాని మీద అద్దకం వేస్తోందని సొసైటీ మీటింగులో నలుగురి ముందూ అన్నాడు. మగ్గం గుడ్డ ముతకగా ఉంటుందని ఈవిడ అదే నలుగురి ముందూ అంది. అప్పటి నుంచి అన్నయ్యా లేదు, చెల్లెమ్మా లేదు.

లక్ష్మీకాంతమ్మ కొంగు దోపుకుని బయల్దేరింది. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా అని దారిలో కనబడ్డవాళ్లందరినీ అడుగుతూ వెళ్లింది. పక్క వీధి మొదట్లోకి వచ్చి ఠక్కున ఆగిపోయింది.

వీధి నడిమధ్యన, ఈ చివర నుంచి ఆ చివర దాకా, తెల్లటి దారాల పడుగు సాగదీసి ఉంది. మగ్గం మీదకి ఎక్కే నిలువు పోగులన్నీ అలా గుంజలకి కట్టి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, ఎండబెట్టాలి. సైకిళ్లవాళ్లు చూసుకోకుండా వచ్చి దూరకుండా గుంజ గుంజకీ ఎర్ర గుడ్డ కడతారు. ఆ ఎర్ర గుడ్డల వెంబడే, గీత గీసినట్టు, మోకాలి లోతు కాలువ తవ్వి ఉంది. కాలువలోంచి పగిలిన కుళాయి గొట్టం నీళ్లు చిమ్ముతోంది. చిమ్మిన బురదంతా పడుగు మీద. నేతగాళ్లు పదిమంది చెంబులతో మంచినీళ్లు పోస్తూ, నోటికొచ్చింది తిడుతూ, పోగులు దువ్వుతున్నారు. వీధి చివర టీవీ స్తంభం మొదలు కూడా తవ్వేసినట్టున్నారు, అది ఒక పక్కకి ఒరిగి తీగలు తెంపుకుని నిలబడింది. రెండొందల ఇళ్లలో టీవీలు పోయాయి, అందుకే సత్తిబాబు సెల్లు స్విచ్చాఫ్.

తవ్వే ముఠా మేస్త్రీ రత్నరాజు పడుగుకి అవతల బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"ఎవరు తవ్వమన్నారయ్యా ఇక్కడ?" అంది లక్ష్మీకాంతమ్మ.

"ఎర్ర గుడ్డలెంట తవ్వమన్నారండి. మీ సందులోకి చూస్తే ఒక్క గుడ్డా లేదండి. ఇక్కడ చూస్తే వీధి పొడుగునా ఉన్నాయండి."

"నా సందులో లేకపోవడమేంటి? నిన్న సాయంత్రం సత్తిబాబు నా కళ్ల ముందు పాతాడు."

హారిక తల్లి మోచెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది. "నిన్న రాత్రి నువ్వే చెప్పావు కదమ్మా. తవ్వేవాళ్లకి అడ్డం లేకుండా తెల్లారేసరికి సందులో పుల్ల కూడా ఉండకూడదని. మన షెడ్డు రాజమ్మ అన్నీ పీకేసింది."

"పీకి ఏం చేసింది?"

"గుడ్డలు ఉడకబెట్టే గంగాళం కింద పొయ్యిలో పెట్టింది. కాలిపోయుంటాయి ఈపాటికి."

లక్ష్మీకాంతమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఆలోచించి, తప్పు రాజమ్మది అని తేల్చుకుంది. తేల్చుకున్నాక కోపం మళ్లీ రత్నరాజు మీదకి మళ్లింది.

"సరే, అయిందేదో అయింది. ఆ కేబుల్ చుట్టిన డ్రమ్ము ఇటు దొర్లించుకురా, మా సందు చూపిస్తాను."

రత్నరాజు ఆవిడ దగ్గరికి రావడానికి పడుగు మీదుగా కాలెత్తాడు. "దాటకు" అని పదిమంది గొంతులు ఒక్కసారే లేచాయి. సాచిన పడుగుని దాటడమంటే ఆ వీధిలో పసిపిల్లలకి కూడా తెలిసిన అపచారం. రత్నరాజు ఒంటికాలి మీద అలాగే నిలబడి, కాలు ఎటు దించాలో తెలియక, చివరికి వెనక్కి దించాడు. వెనక కాలువ ఉన్న సంగతి మర్చిపోయాడు.

అతను బురదలోంచి లేచేసరికి ఆంజనేయులు వచ్చి కేబుల్ డ్రమ్ము మీద కూర్చున్నాడు. డ్రమ్ము ఆయన అరుగు పక్కనే ఉంది, పడుగుకి అవతల. లక్ష్మీకాంతమ్మ సందు పడుగుకి ఇవతల. ఆయన ఆవిడ వైపు చూడకుండా రత్నరాజుతో అన్నాడు.

"మేస్త్రీ, ఈ పడుగు ఆరి చుట్టేదాకా డ్రమ్ము అటు వెళ్లదని ఆవిడకి చెప్పు."

"ఎప్పటికి ఆరుతుందో అడుగు" అంది ఆవిడ, అదే మేస్త్రీతో.

"ఆవిడగారి మనుషులు పోసిన బురద కడిగితే గదా ఆరడానికి. మబ్బు కూడా పట్టింది. నాలుగు దాటుతుందని చెప్పు."

"నాకు ఐదింటికల్లా ముంబైకి ఫోటోలు పంపాల్సిన పని ఉందని చెప్పు."

"మిల్లు గుడ్డ ఫోటోలకి అంత తొందరేంటో అడుగు."

"నా గుడ్డ జోలికొస్తే మర్యాదగా ఉండదని చెప్పు."

"అయ్యా, అమ్మా, మీ ఇద్దరికీ మాటలు వినబడుతున్నాయి కదండి" అన్నాడు రత్నరాజు దీనంగా. ఇద్దరూ అతని మీద మండిపడ్డారు. ఆ రోజు వాళ్లిద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

సత్తిబాబు మధ్యాహ్నం ఒంటిగంటకి దొరికాడు. తన ఆఫీసు షట్టరు లోపల్నించి దించుకుని కూర్చున్నాడు. లక్ష్మీకాంతమ్మ షట్టరు మీద చెప్పుతో కొడితే అడుగు ఎత్తు లేపాడు.

"నిన్ను నమ్మి నాలుగో బల్ల కూడా పోగొట్టుకుంటున్నాను."

"సోమవారం అన్నాను కదక్కా..."

"అన్నవాడివి గట్టిగా అనాలి."

సత్తిబాబు దండం పెట్టాడు. పెరళ్ల దారిలో డ్రమ్ము పట్టదు, పడుగు ఎండితే గానీ వీధి దారి లేదు, ఆ తరవాత సందు తవ్వాలంటే చీకటి పడుతుంది. బజారు నుంచి ఆంజనేయులు అరుగు దాకా కేబుల్ ఎలాగూ పడిపోయింది. కంప్యూటరు అక్కడికి మోసుకొస్తే గంటలో నెట్టు ఇస్తానన్నాడు.

"ఆయన గడప తొక్కమంటావా? చచ్చినా తొక్కను."

ఇంటికొచ్చింది. షెడ్డులోకి వెళ్లింది. రాజమ్మ నాలుగో బల్ల మీద అద్దకం వేస్తోంది. ఇరవయ్యేళ్లుగా అదే బల్ల దగ్గర నిలబడుతున్న మనిషి. పొద్దున్న మేకులు పీకినందుకు తిడుతుందేమోనని తల కూడా ఎత్తడం లేదు. లక్ష్మీకాంతమ్మకి కోపం రాలేదు, భయం వేసింది. గడియారంలో రెండున్నర.

"హారికా, కంప్యూటరు తీగలు ఊడదియ్యి" అంది.

వీధి గడప తొక్కకుండా, కంప్యూటరు మోసుకుని ఆంజనేయులు ఇంటి పెరటి గుమ్మంలోంచి వచ్చినందుకు ఎవరూ నవ్వలేదు. ఆంజనేయులు భార్య వీరదుర్గ మాత్రం, "రండి వదినా, మూడేళ్లయింది మీరొచ్చి" అని మగ్గం పక్కన బల్ల ఖాళీ చేసి, కాఫీ తెచ్చిచ్చింది. లక్ష్మీకాంతమ్మ ఆ కాఫీ అవమానంతో తాగింది. బాగుండడం వల్ల ఇంకా అవమానంగా ఉంది.

ఆంజనేయులు ఏమనుకున్నాడో, డ్రమ్ము మీంచి లేచాడు. సత్తిబాబు కేబుల్ కోసి, తొక్క ఒలిచి, లోపలి గాజు పోగుని అతికించే మిషన్లో పెట్టబోయాడు. వెంట్రుక కంటే సన్నం. పొద్దుట్నించీ తిన్న తిట్లతో అతనికి చెయ్యి కుదరడం లేదు. ఒక పోగు విరిగింది. రెండోది విరిగింది. మూడోది కూడా విరిగేసరికి నాలుగైంది.

"పోగు పట్టుకునేది అలాగేనా?" అన్నాడు ఆంజనేయులు. చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్లు తెగిన దారాలు అతికిన వేళ్లు. సత్తిబాబు చూపించిన గాడిలో ఆ గాజు పోగుని ఒక్కసారికే పడుకోబెట్టాడు. మిషను కూసింది, సత్తిబాబు తెచ్చిన నెట్టు డబ్బా మీద పచ్చ దీపం వెలిగింది. నాలుగూ ఇరవై.

"పంపవే, పంపు" అంది లక్ష్మీకాంతమ్మ.

"పంపుతున్నానమ్మా. అబ్బ, ఎంత తొందరగా పోతున్నాయో. పది... ఇరవై..." హారిక వేళ్లు ఆగిపోయాయి. "అమ్మా, ముంబై వాళ్ల మెయిలొకటి ఇప్పుడే దిగింది. బుధవారం పంపారు. దాంట్లో పెద్ద పెద్ద బొమ్మలున్నాయి, మన పాత లైనుకి దిగలేక ఆగిపోయినట్టుంది."

"ఏమంటారు?"

వీధిలో మరకలు పోని పడుగు చుట్టేసి వచ్చిన నేతగాళ్లు కూడా గుమ్మంలో చేరారు. హారిక చదివి తెలుగులో చెప్పింది.

"తొందరేం లేదట. గడువు ఇంకో నెల పొడిగించారట. ఈ సంగతి చెబుదామని ఫోన్ చేస్తుంటే రాత్రీ పగలూ ఎంగేజ్ వస్తోందట."

గుమ్మం బయట రత్నరాజు బురద ఆరిన చొక్కాతో అరుగు మీద మెల్లగా కూలబడ్డాడు.

"ఇంకా ఉందమ్మా. డిజైన్లు ఏవైనా ఫర్వాలేదట, గుడ్డ ముఖ్యమట. మిల్లు గుడ్డయితే వద్దట. పెడనలో నేసిన చేనేత గుడ్డ మీదే అద్దకం కావాలట. నాలుగొందల గజాలు. అలాంటి గుడ్డ మన దగ్గర ఉందో లేదో రాయమన్నారు."

ఆంజనేయులు గోడ వైపు చూస్తున్నాడు. వీరదుర్గ కాఫీ గ్లాసు తీసుకుని లోపలికెళ్లింది. సమాధానం రాయడానికి హారిక వేళ్లు కీబోర్డు మీద పెట్టి తల్లి మొహం వైపు చూస్తోంది. లక్ష్మీకాంతమ్మ రెండుసార్లు గొంతు సవరించుకుంది. మధ్యలో మాట అందించడానికి మేస్త్రీ కూడా గదిలో లేడు.

"అన్నయ్యా, మీ దగ్గర నాలుగొందల గజాల గుడ్డ ఉంటుందా?" అంది.

ఆంజనేయులు మూడేళ్ల తరవాత మొదటిసారి ఆవిడ వైపు తిన్నగా చూశాడు.

"సరిగ్గా అంత గుడ్డకే వీధిలో పడుగు వేశాం చెల్లెమ్మా. బురద పడకుండా పొద్దున్న ఏడింటి దాకా ఉంది."

ఆవిడ సత్తిబాబు వైపు చూసింది, రత్నరాజు వైపు చూసింది, కూతురు వైపు చూసింది. పెడనలో తిట్టడానికి మనిషి దొరక్కపోవడం లక్ష్మీకాంతమ్మకి అదే మొదలు.