పవర్ పోయినట్టు తెలియనివ్వని పెట్టె

ఈ ప్రభుత్వానికి ఇకమీదట అంతరాయం అనేది ఉండబోదని విద్యుత్ శాఖ మంత్రివర్యులు విలేకరుల సమావేశంలో సెలవిచ్చారు. పెద్దాసుపత్రి కంటి ఆపరేషన్ థియేటర్‌కి యూపీఎస్ మంజూరు చేశామనీ, యూపీఎస్ అంటే అన్‌ఇంటరప్టిబుల్ పవర్ సప్లై అనీ, దాన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పాలంటే అది తామేననీ వివరించారు. మధ్యలో కరెంటు పోయి మైకు మూగబోయినా వారు గమనించలేదు. ఆ గొంతు అలాంటిది.

పక్కనే నిలబడ్డ పీఏ ఫైలు చంకలో పెట్టుకుని, చాలాకాలం తరవాత మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాడు. ఆ మంజూరు ఫైలుని గదిగదికీ మోసి సంతకాలు పెట్టించింది అతనే. కారణం ప్రజాసేవ కాదు, అత్తగారు. ఆవిడ రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. థియేటర్ గుమ్మం దాకా వెళ్లడం, కరెంటు పోవడం, డాక్టరమ్మ ఇంకోరోజు రమ్మనడం, కళ్లలో చుక్కల మందుతోనే ఇంటికి తిరిగిరావడం ఆవిడకి అలవాటైపోయింది. ఈసారి కూడా వాయిదా పడితే చూపు మీద ఆశ వదులుకోవాల్సిందేనని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఇంట్లో అల్లుణ్ని అనాల్సిన సూటిపోటి మాటలన్నీ ఆవిడ కుర్చీకి తగిలించిన చొక్కాని అంటోంది. పీఏకి నవ్వు రావాలి గానీ ఏడుపొస్తోంది. చొక్కా తరఫున తనే తలొంచుకుని సమాధానం చెబుతున్నాడు.

పెట్టె వచ్చింది. బ్యాటరీలతో కలిపి చూస్తే బీరువా అంత ఉంది. ప్రజలకిచ్చే ఏ వస్తువునైనా ముందు తాము అర్థం చేసుకుని గాని ఇవ్వకపోవడం మంత్రిగారి పద్ధతి. కిందటేడు కొత్త అంబులెన్సుని అర్థం చేసుకోవడానికి కుటుంబసమేతంగా కొండల్లోకి వెళ్లి, గాలి మార్పు బాగుందని వేసవంతా అక్కడే ఉండిపోయారు. ఆ పద్ధతి ప్రకారమే యూపీఎస్‌ని ఆసుపత్రికి కాకుండా క్యాంప్ ఆఫీసులో దించారు. వివరించడానికి కంపెనీ ఇంజనీరు టై కట్టుకుని వచ్చాడు. వినడానికి శాఖాధికారులంతా వచ్చారు.

"సార్, పవర్ పోయినా పోయినట్టు తెలియనివ్వకపోవడమే దీని పని," అన్నాడు ఇంజనీరు.

మంత్రిగారు కుర్చీలో ముందుకు జరిగారు. "ఎవరికి తెలియదు?"

"దీని మీద ఆధారపడ్డవాళ్లెవరికీ తెలియదు సార్. అన్నీ మామూలుగానే నడుస్తుంటాయి."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల రాజకీయ జీవితంలో ఇంత ఓదార్పు మాట ఆయనతో ఎవరూ అనలేదు. కొనసాగించమని చేత్తో సైగ చేశారు. తరవాతది ట్రాన్స్‌ఫర్ టైమ్ అన్నాడు ఇంజనీరు. ట్రాన్స్‌ఫర్ అనే మాట చెవిన పడగానే అధికారులంతా కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. బదిలీలు కావు, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీదికి మారడానికి పట్టే సమయమని సర్దిచెప్పి కూర్చోబెట్టేసరికి పాపం అతని టై వదులైంది. స్టాండ్‌బై రకం పెట్టెలకి రెప్పపాటు పడుతుందట. ఇది ఆన్‌లైన్ రకం కాబట్టి ఆ రెప్పపాటు కూడా పట్టదట. మంత్రిగారు నొచ్చుకున్నారు. తాము పార్టీ మారినప్పుడు హోటల్లో ఎన్నాళ్లు మగ్గాల్సి వచ్చిందో వారికి గుర్తొచ్చింది.

పెట్టెకి ఏదైనా అయితే కరెంటుని దాన్ని తప్పించి నేరుగా పంపడాన్ని బైపాస్ అంటారని ఇంజనీరు ఒక స్విచ్ చూపించాడు. తమని తప్పించి పనులు నేరుగా జరిగిపోయే ఏర్పాటు ఈ శాఖలో ఉండటానికి వీల్లేదని మంత్రిగారు దాన్ని పీకించేశారు. ఆ తరవాత పెట్టె మీది అంకెల సంగతి వచ్చింది.

"ఇక్కడ వీఏ అని రాసింది పైకి కనిపించే పవర్ సార్. నిజంగా పనిచేసే పవర్ వాట్లలో ఉంటుంది."

"రెంటిలో ఏది పెద్దది?"

"కనిపించేదే సార్."

"చూశారా," అన్నారు మంత్రిగారు అధికారుల వైపు తిరిగి. అధికారులు చూశారు.

పవర్ పోయాక ఎంతసేపు నిలబడుతుందన్నదే రన్‌టైమ్ అని ఇంజనీరు మొదలుపెట్టగానే, మంత్రిగారు అందర్నీ బయటికి పంపేశారు. ఆ విషయం ఏకాంతంగా తెలుసుకోదలిచారు. మోసే లోడ్ తగ్గించుకుంటే ఎక్కువసేపు నిలబడొచ్చని తెలిసిందట. సాయంత్రానికల్లా బావమరిదిని, ఆయన పరివారాన్ని సామానుతో సహా ఇంట్లోంచి సాగనంపారు. మర్నాడు కరెంటు పోయినప్పుడు పెట్టె కుయ్ కుయ్ మంది. పవర్ పోయిన సంగతి ఊరంతా చాటి చెప్పే ఈ బుద్ధి ప్రతిపక్షానిదేనని మంత్రిగారు పసిగట్టి, దాని గొంతు నొక్కించారు. నిర్ణయాలు తీసుకోవడంలో వారి చురుకుదనం అంతటిది.

అలా అర్థం చేసుకుంటూనే ఉన్నారు గాని పెట్టె కదలడం లేదు. క్యాంప్ ఆఫీసులో ఏసీ, టీవీ, మంత్రిగారి నిలువెత్తు ఫొటో చుట్టూ మెరిసే బల్బులు దాని మీదే హాయిగా నడుస్తున్నాయి. పీఏ ఇంట్లో భార్య మాట్లాడటం మానేసింది. తల్లి చెయ్యి పట్టుకుని గోడ వెంబడి నడిపిస్తూ, అతని వైపు ఓసారి చూసి ఊరుకునేది. ఆ చూపు ముందు అత్తగారి మాటలే నయమనిపించేవి. చివరికి ఉద్యోగం పోతే పోయిందని, పీఏ మంత్రిగారి ముందు నోరు విప్పాడు.

"సార్, ఆపరేషన్ కోసం మా అత్తగారు ఎదురుచూస్తున్నారు. పెట్టె పంపిస్తే ఆవిడకి చూపొస్తుంది."

మంత్రిగారు రాతిగుండె మనిషి కాదు. కళ్లు మూసుకుని ఆలోచించారు. "ప్రజల్ని నిరాశపరచకూడదయ్యా. వాళ్లకి కనిపించే పవర్ ఇచ్చేద్దాం. పనిచేసేది మన దగ్గర ఉంచుకుందాం."

అంటే పెట్టె ఆసుపత్రికి, బ్యాటరీలు క్యాంప్ ఆఫీసుకి. బ్యాటరీలు లేకపోతే కరెంటు పోయినప్పుడు పెట్టె ఎందుకూ కొరగాదని పీఏ నసిగాడు. తాము విద్యుత్ శాఖ మంత్రిగా ఉండగా కరెంటు ఎందుకు పోతుందని మంత్రిగారు ఆశ్చర్యపోయారు. అయినా పీఏ మొహం చూసి జాలిపడి, ప్రారంభోత్సవం కాగానే బ్యాటరీలు కూడా పంపిస్తామని మాటిచ్చారు. ఆ మాట పట్టుకుని పీఏ ఆసుపత్రికి పరిగెత్తాడు. బ్యాటరీలు గుమ్మం దాటిన మరుక్షణం మీ అత్తగారిదే మొదటి ఆపరేషన్ అంది డాక్టరమ్మ.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఆసుపత్రి వరండాలో రిబ్బన్ కత్తిరించి, పెట్టెని తట్టి, మంత్రిగారు ఉపన్యాసం అందుకున్నారు. లోపల థియేటర్ గుమ్మం ముందు తోపుడు మంచం మీద అత్తగారిని పడుకోబెట్టి, కళ్లలో చుక్కలు వేశారు. పీఏ ఒక కన్ను మంత్రిగారి మీద, ఇంకో కన్ను లోపల వేసి స్తంభం పక్కన నిలబడ్డాడు. అప్పుడు ఫోన్ మోగింది. సచివాలయంలో పనిచేసే స్నేహితుడు.

"మీవాణ్ని పీకేశారు. కొత్తాయన ప్రమాణస్వీకారం కూడా అయిపోయింది. మీవాడికి చెప్పావా?"

పీఏ తలెత్తి చూశాడు. వేదిక మీద అధికారుల కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. వాళ్లు ఎప్పుడు లేచారో, ఏ గుమ్మంలోంచి వెళ్లారో, కార్లు ఎప్పుడు కదిలాయో ఎవరికీ తెలియదు. మంత్రిగారికి అసలే తెలియదు. ఆయన ఉపన్యాసంలో మూడో తరం దాకా వెలుగులు పంచే పనిలో ఉన్నారు. చెప్పడం తన ధర్మమని పీఏకి తెలుసు. కానీ చెబితే ఆ నోటికి ఇక ఆర్డర్ వేసే శక్తి ఉండదు. ఆయనకి తెలియనంతసేపే ఆయన మంత్రి. పీఏ వేదికెక్కి చెవిలో గొణిగాడు, బ్యాటరీలు ఇప్పుడే వస్తే ఫొటోలో నిండుగా ఉంటాయని. క్యాంప్ ఆఫీసు వాచ్‌మన్‌కి ఫోన్ కలిపి నోటి దగ్గర పెట్టాడు.

"బ్యాటరీలు పంపించెయ్. ఇది మంత్రి ఆజ్ఞ," అని మంత్రిగారు మైకులోనూ ఫోన్‌లోనూ ఒకేసారి గర్జించారు. జనం చప్పట్లు కొట్టారు. పీఏ ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"బ్యాటరీలా సార్?" అన్నాడు వాచ్‌మన్. "వాటిని పొద్దున్నే కొత్త మంత్రిగారింటికి పట్టుకుపోయారు కదండీ. మీకెవరూ చెప్పలేదా?"

మైకు టక్కుమని ఆగిపోయింది. మంత్రిగారు గమనించలేదు. పీఏ లోపలికి పరిగెత్తాడు. వరండా నుంచి థియేటర్ దాకా లైట్లన్నీ ఆరిపోయి ఉన్నాయి. అత్తగారు వెల్లకిలా పడుకుని, చేతులు పొట్టమీద పెట్టుకుని, తెల్లబడ్డ కళ్లతో పైకి చూస్తోంది. అతను దగ్గరికెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోగానే ఎవరో పోల్చుకుంది.

"బాబూ, కరెంటు ఉందా?"

పీఏ ఆరిపోయిన లైట్ల వైపు చూశాడు. థియేటర్‌లో డాక్టరమ్మ గ్లవ్స్ విప్పి బుట్టలో పడేస్తోంది. బయట మంత్రిగారి గొంతు ఖంగుమంటోంది.

"ఉందండీ అత్తయ్యా," అన్నాడు.

ఆవిడ కాసేపు చెవులు రిక్కించి వింది.

"మరి డాక్టరమ్మగారి చెప్పుల చప్పుడు అటు దూరంగా పోతోందేం బాబూ?"