రావుల గల్లీలో ఖాళీ ఇల్లు

వరంగల్లు పట్నంలో కులం అడగరని దేవదానానికి వర్ధన్నపేటలోనే చెప్పారు. చెప్పినవాళ్లది అబద్ధం కాదు. ఎవ్వరూ అడగలేదు. "మీ ఊర్ల ఏ బాయి నీళ్లు తాగేటోళ్లు?" అని మాత్రం అడిగారు.

మిల్లులో నౌకరీ దొరికింది గానీ, నెలలు నిండిన భార్య రాహేలుకు నీడ దొరకలేదు. ఒక వాడలో ఇల్లు ఖాళీయే, కాని సాయంత్రానికి చుట్టాలొస్తున్నారట. ఇంకో వాడకూ ఆ చుట్టాలేనట. ఆ వారం పట్నానికి వచ్చినంతమంది చుట్టాలు ఏ పెండ్లికీ వచ్చి ఉండరు.

మిషన్ వాడలో పెద్దమనిషి ఇమ్మానుయేలు "ప్రభువులో అందరం ఒక్కటే తమ్మీ" అని కావలించుకున్నాడు. పిమ్మట గొంతు తగ్గించి, "బాప్తిస్మం కాకముందు ఏమిటోళ్లు?" అన్నాడు. జవాబు వినంగానే ఆయనకూ చుట్టాలు జ్ఞాపకమొచ్చారు.

రావుల గల్లీలో రాజేశ్వర్ రావు దొర అరుగు దిగకుండానే ఉపన్యాసమిచ్చాడు. "మనుషులంతా సమానమని నాకు తెలుసు, నీకు తెలుసు. మా బాయికి తెల్వదు గద!"

రాహేలు స్టేషను బయట మూట మీద కూలబడింది.

అంతలో దైవం మేలు చేసింది. రావుల గల్లీలో ఎలుకలు రాలాయి. ప్లేగొచ్చింది, ఇండ్లొదిలి ఊరవతల గుడిసెల్లో ఉండాలని బలదియావాళ్లు, అదే మునిసిపాలిటీవాళ్లు, డప్పు కొట్టించారు. పెద్దలు గుడిసెలకు పోయారు, ఇనుపపెట్టెలు పోలేదు. వాటికి కావలి కావాలి. రాజేశ్వర్ రావు ముక్కుకు రుమాలు కట్టుకొని స్వయంగా స్టేషనుకు వచ్చాడు.

"తమ్మీ, నా ఇల్లు నీ ఇల్లే అనుకో. బాయి సుత నీదే."

"బాయికి చెప్పిండ్రా దొరా?" అంది రాహేలు.

దొర దగ్గి, ప్లేగు సూది గొప్పతనం గురించి చెప్పసాగాడు. ఆమెకు అప్పటికే నొప్పులు మొదలయ్యాయి. ప్లేగు మేలా, రోడ్డు మేలా అని ఆలోచించే తీరిక లేదు.

ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా నిక్షేపంగా ఉన్నారు. ఇదేం పద్ధతని గుడిసెల్లోని పెద్దలు నొచ్చుకున్నారు.

ప్లేగు తగ్గింది, దొర తిరిగొచ్చాడు. ప్లేగు పోవడానికి దవాఖానవాళ్లు ఒక్కసారి మందు చల్లారు. దేవదానం పోవడానికి దొర మూడుసార్లు గోమూత్రం చల్లించాడు. ఎలుక పడ్డనాడు తోడించని బాయిని అడుగుదాకా తోడించాడు.

"మరి మాకు ఇల్లు, దొరా?"

"చుట్టాలొస్తున్నరు తమ్మీ."

రావులు వదిలిన గుడిసెలు ఊరవతల అట్లనే ఉన్నాయి. వాళ్లకు నీళ్లు తెచ్చిన బండి మాత్రం వాళ్లతోనే వెళ్లిపోయింది. దేవదానం అందరికంటే ముందు చేరాడు గనక గాలి, వెలుతురు తగిలే నడిమి గుడిసె పట్టాడు.

మరునాడు కేసముద్రం నుంచి పోశయ్య అనేవాడు, మిల్లు పనికే, పెండ్లాం పిల్లలతో వచ్చాడు. నెత్తిన మూట దించకుండానే అడిగాడు.

"అన్నా, పక్క గుడిసె ఖాళీయేనా?"

దేవదానం కాలు మీద కాలేసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఖాళీనే తమ్మీ. మంచి వాడ ఇది. అది సరేగానీ, మీ ఊర్ల ఏ బాయి నీళ్లు తాగేటోళ్లు?"

లోపల బిడ్డకు పాలిస్తున్న రాహేలు నవ్వింది.

"అడుగు, మంచిగ అడుగు. మనకింకా బాయే లేదు."