బంతుల వారీగా చిరునామాలు

2006లో గుంటూరు శివారులోని భాగ్యోదయ మిర్చి ఎగుమతుల సంస్థ తన లోపలి సమాచారానికంతా ఒక వెబ్‌సైటు పెట్టుకొని సమానత్వాన్ని సాధించింది. నోటీసు ఏదైనా అందరూ ఒక్కచోటే చదువుకోవచ్చు. ఆ సమానత్వం మధ్యాహ్నం దాకా నిలిచింది.

తానూ, గుమాస్తా జయకుమారీ ఒకే చిరునామా కొడుతున్నామని ఛైర్మన్ గారికి భోజనాల వేళ తెలిసింది. "పెళ్ళిలో అందర్నీ ఒకే బంతిలో కూర్చోబెడతామా అండీ? పెద్దరికం ఉండొద్దూ?" అని బోర్డు ముందు కంటతడి పెట్టారు. సభ్యులూ కళ్ళు తుడుచుకున్నారు.

కంప్యూటర్లు చూసే అనిల్ కుమార్ అదే సైటుకు మూడు చిరునామాలు తగిలించాడు. డైరెక్టర్లకొకటి, ఆఫీసుకొకటి, కూలీలకొకటి. ఎటునుంచి వెళ్ళినా కనిపించేది అదే పేజీ అని తేలడంతో బోర్డు మళ్ళీ కూర్చుంది. ఏ నోటీసైనా మొదట డైరెక్టర్లకు, మర్నాడు ఆఫీసుకు, ఆ మర్నాడు కూలీలకు వడ్డించాలని తీర్మానించింది. కూలీలకు కంప్యూటరు లేదు కనుక గేటు దగ్గరి కంప్యూటర్లో మేస్త్రి సుభానీ వాళ్ళ చిరునామా తెరిచి పైకి చదువుతాడు. ఈ సంస్కరణకుగాను బోర్డువారు బోర్డువారికే శాలువాలు కప్పుకున్నారు.

సోమవారం డైరెక్టర్ల చిరునామాలో నోటీసు వెలువడింది: "మంగళవారం తెల్లవారుజామున మూడో షెడ్డులో పురుగు చావడానికి విషవాయువు పెడుతున్నాం. ఆ రోజంతా ఎవరూ లోపలికి పోరాదు." మందు పెట్టడానికొచ్చినవాళ్ళు షెడ్డు తలుపుకు హెచ్చరిక అట్ట కట్టబోతే, సైటులో ఉన్నదానికి నకలెందుకని మేనేజరు వద్దన్నారు.

మంగళవారం ఉదయం ఆఫీసు చదివింది. కూలీలకు చెప్పి వస్తానని జయకుమారి లేచింది.

"వాళ్ళ బంతి రేపమ్మా, కూర్చో," అన్నారు మేనేజరు. ఆమె కూర్చుంది.

అప్పటికే మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు షెడ్డు తలుపు తెరిచారు. ముందు నడిచిన ఎలీసమ్మ లోపలే కూలిపోయింది. వెనకవాళ్ళు కొంగులు ముక్కుకు కట్టుకొని ఆమెను బయటికి లాగారు.

ఆమె ఆస్పత్రిలో కళ్ళు తెరిచాక ఛైర్మన్ గారు బత్తాయిలతో వెళ్ళారు. "నోటీసు పెట్టాం కదమ్మా. మీ బంతి వచ్చేదాకా ఆగాల్సింది," అని మందలించారు.

"ముందు చదివినోళ్ళు ఒక్క కేకేస్తే ఆగేవోళ్ళం గదండీ," అంది ఎలీసమ్మ.

ఈ సూచనను బోర్డు సానుభూతితో పరిశీలించింది. కేక ఏ చిరునామాలో వేయాలో తేలక వాయిదా వేసింది.

పాఠకులు బోర్డును తిట్టుకుంటున్నారని తెలుసు. ఆ నోటీసు ఎలీసమ్మ కన్నా ముందు మీరూ చదివారు. మీ దగ్గర్నుంచీ కేక వినపడలేదు.