మంత్రిగారి తొలి ముద్ద

ఇకనుంచి ఆరోగ్యశాఖలో షుగర్ ఉన్నవాళ్లూ, త్వరలో అది రాబోయేవాళ్లూ పొద్దున పదికీ సాయంత్రం ఆరుకీ మధ్యే తినాలని మంత్రిగారు ప్రకటించారు. మిగతా వేళల్లో టీ కూడా నిషిద్ధం. ఇలా తింటే షుగర్ అదుపులోకి వస్తుందని ఆయన విమానంలో ఏదో పత్రికలో చదివారు. విమానం దిగేలోపే పథకానికి తన పేరు పెట్టేసుకున్నారు. అంత చురుకైన మనిషి.

ఉత్తర్వు రాసింది ఆయన పీఏ. పన్నెండేళ్లుగా షుగర్‌తో వేగుతున్న పీఏకి ఆ జబ్బు పనికొచ్చిన రోజు అదొక్కటే. తొలి లబ్ధిదారుగా తన పేరే రాసుకున్నాడు.

"పద్ధతి మంచిదే బావా," అన్నాడు డాక్టరైన బావమరిది. "కానీ నువ్వు షుగర్ దించే మాత్రలు వాడుతున్నావు. డోసు మార్చకుండా కడుపు మాడ్చుకుంటే పడిపోతావు. ఒకసారి వచ్చి చూపించుకో."

"ప్రారంభోత్సవం అయ్యాక వస్తాలే. అయినా మాడ్చేదేముంది? పదింటికల్లా తినేస్తాంగా!"

ప్రారంభోత్సవం రోజు పొద్దున మాత్ర వేసుకుని ఆఫీసుకొచ్చాడు. పథకం లెక్కల కోసం పిలిపించిన నర్సు అతని షుగర్ చూసి రాసుకుంది. క్యాంటీన్ తలుపుకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. మంత్రిగారు దాన్ని కత్తిరించి తొలి ముద్ద తినాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. ఎవరైనా ముందే కక్కుర్తిపడతారేమోనని అందరి క్యారేజీలూ పీఏ దగ్గరుండి లోపల పెట్టించాడు, తనదానితో సహా. ఆ శాఖలో అంత ముందుచూపు అంతకుముందెవరూ ఎరగరు.

పదైంది. మంత్రిగారి డ్రైవరుకి ఫోన్ చేశాడు.

"బయల్దేరారా?"

"బయల్దేరినట్టే సార్."

మధ్యాహ్నం దాటాక మళ్లీ చేశాడు.

"దారిలో ఉన్నట్టే సార్."

పీఏకి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. డైరెక్టరుగారు చూసి ముచ్చటపడ్డారు.

"ఎంత భక్తయ్యా నీకు! సారు రాకముందే వణుకుతున్నావు."

"రిబ్బను కిందనుంచి దూరి నా క్యారేజీ తెచ్చుకోనా సార్?"

"టీవీవాళ్లున్నారు. ఉత్తర్వు రాసినవాడివి, నువ్వే దూరితే ఎట్లా?"

పీఏ సిగ్గుతో తల దించుకున్నాడు. దించిన తల ఎత్తడం కొంచెం కష్టమైంది.

మంత్రిగారు ఐదున్నరకి వచ్చారు. నిగ్రహం గురించి గంభీరంగా ప్రసంగించారు. కత్తెర పట్టుకునేసరికి ఆరు దాటింది.

"సార్, టైమైపోయింది," గొణిగారు డైరెక్టరుగారు.

మంత్రిగారు కత్తెర పళ్లెంలో పెట్టేశారు.

"నియమం నాకైనా ఒకటే. రేపు తిందాం."

చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్ల మధ్యే పీఏ దబ్బున కూలబడ్డాడు. నర్సు పరుగెత్తుకొచ్చి వేలు గుచ్చి చూసింది.

"షుగర్ నలభై రెండే సార్!"

"పొద్దున ఎంత?"

"రెండొందల పది."

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది.

"పన్నెండేళ్లు మందులు చెయ్యలేనిది మన పథకం ఒక్క రోజులో చేసింది! ఆ మీటరు ఇటివ్వమ్మా."

దాన్ని కెమెరాల వైపు ఎత్తి పట్టుకున్నారు. ఫోటోలు అయ్యేదాకా నర్సు గ్లూకోజ్ సూదితో పక్కన నిలబడింది.

పీఏ కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి మంచం మీదున్నాడు. పక్కన భార్య, తలుపు దగ్గర మంత్రిగారి డ్రైవరు.

"రేపటి పేపర్లకి ప్రకటన మీరే రాయాలన్నారు సార్. మీ అంత బాగా ఇంకెవరూ రాయలేరట."

"ప్రాణం మీదికొస్తే ఇంకా ప్రకటనలేంటి?" భార్యకి ఏడుపాగలేదు. అన్నం కలిపి చెంచా నోటి దగ్గర పెట్టింది. "తమ్ముడు తినిపించమన్నాడు. నోరు తెరవండి."

పీఏ తెరవబోయి ఆగాడు. డ్రైవరు వైపు తిరిగాడు.

"సారు తిన్నారా?"

"తిన్నారు సార్. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి. అందుకేగా ఆలస్యమైంది."

"హమ్మయ్య," అని పీఏ నోరు తెరిచాడు.