మూడో నట్టు వదులు

కాలు విరగ్గొట్టుకోదలచినవారు దయచేసి రోడ్డు లేని చోట విరగ్గొట్టుకోండి. అనుభవంతో చెబుతున్నాను. ఆస్పత్రి ఎదురుగా కాలు విరగ్గొట్టుకుని మీరేం బావుకుంటారు? ఇద్దరు మోసుకెళ్తారు, ఒకరు సిమెంటు కట్టు వేస్తారు, బంధువులు వచ్చి నాలుగు పళ్లు పెట్టి వెళ్తారు. అంతే కదా! మీ కాలు వల్ల సైన్సుకి ఒరిగేదేమీ లేదు.

నా సంగతి వేరు. కొండ మీద వాతావరణ కేంద్రంలో గాలినీ చలినీ వాననీ కొలిచి రాసే ఉద్యోగం నాది. అక్కడ నాతోపాటు ఉండేది ఇద్దరే. జనరేటరు చూసుకునే మెకానిక్ మా బావ, ఆయన భార్య మా అక్క. రోడ్డు మాకు ఇరవై ఆరు కిలోమీటర్ల దూరంలో ఆగిపోయింది. అక్కణ్ణుంచి కాలిబాటే. రోడ్డు పైదాకా వేయమని పద్నాలుగేళ్లుగా అర్జీలు పెడుతున్నాం. పెట్టిన ప్రతి అర్జీకీ అందినట్టు రసీదు వచ్చింది. మమ్మల్ని ఎవరూ పట్టించుకోరని అనడానికి లేదు.

గాలి కొలిచే టవరుకి అరవై నాలుగు మెట్లు. రెండు నెలల కిందట పన్నెండో మెట్టు మీద, మంచులో, కాలు జారాను. కుడి మోకాలి కింద ఎముక రెండయింది. అదృష్టం చూడండి, ఆ రోజే పదిహేను రోజులకోసారి సామాన్లు తెచ్చే నలుగురు కూలీలు వచ్చారు. వంటగది తలుపు ఊడదీసి, నన్ను దాని మీద పడుకోబెట్టి, కిందికి మోశారు. అక్కడ ఆస్పత్రిలో మారుమూల ప్రాంతాల కోసం ప్రత్యేకంగా తయారైన కొత్త పరికరం, తగిన మారుమూల మనిషి కోసం ఎదురుచూస్తోంది.

కాలి బయట నిలువుగా ఒక రాడ్డు. దానికి ఆరు నట్లు. ఒక్కో నట్టు దగ్గర్నుంచి ఒక్కో మేకు చర్మం గుండా ఎముకలోకి. ఇందులో గొప్పేమిటంటే రోగి ఆస్పత్రిలో ఉండక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా పది నంబరు పానా పట్టుకుని నట్లు సరిచూస్తే చాలు. ఆ గొప్పతనం వల్ల, మూడో రోజునే నన్ను అదే తలుపు మీద మళ్లీ పైకి మోశారు.

పరికరంతో పాటు ఇచ్చిన పుస్తకాన్ని బావ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మైనస్ నలభై చలి, యాభై డిగ్రీల ఎండ, ఉప్పునీరు, ఇసుక తుఫాను, అంతరిక్షం, వీటన్నిటినీ తట్టుకుంటుందట. జాబితాలో ఆఖరిది: శిక్షణ లేని చేతులు.

"శిక్షణ లేని చేతులా?" అన్నాడు బావ. "ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంజన్లు విప్పుతున్న చేతులివి. ఇసుక తుఫానుతో జమకట్టారు నన్ను."

"పోనీలెండి, అంతరిక్షం పక్కన కూర్చోబెట్టారుగా," అంది అక్క.

పాఠకులు నా పరిస్థితి సరిగా అర్థం చేసుకోవాలి. రాడ్డు కదిలితే ఎముక వంకరగా అతుకుతుందని డాక్టరు చెప్పాడు. వంకరగా అతికితే మెట్లెక్కలేను. మెట్లెక్కలేనివాణ్ని మా శాఖ కింది ఆఫీసుకి బదిలీ చేస్తుంది. అక్కడ ఒకే గదిలో పదకొండు మంది కూర్చుంటారు. పొద్దున్నే పదకొండు మందీ "ఏంటి సంగతులు?" అని అడుగుతారు. జవాబు వినడానికి కూడా సిద్ధంగా ఉంటారు! నా మనసు గురించి నాకు భ్రమలేమీ లేవు. మనుషులంటే నాకు ప్రేమే. ఇరవై ఆరు కిలోమీటర్ల దూరం నుంచి ఆ ప్రేమ ఎప్పుడూ చెక్కుచెదరలేదు.

అందుకే ఆ రాడ్డుని ప్రాణంలా చూసుకున్నాను. అదీ నన్ను అలాగే చూసుకుంది. చలి మేకుల గుండా తిన్నగా ఎముకలోకే వచ్చేది కనుక, థర్మామీటరు చూడకుండా మైనస్ ఆరు అని చెప్పేవాణ్ని. బావ వెళ్లి చూస్తే ఆరున్నర ఉండేది. అక్క రాడ్డుకి ఉన్ని తొడుగు అల్లింది. నా కాలు కిటికీ వైపు చాపితే ఫోనుకి సిగ్నల్ ఇంకో గీత పెరుగుతుందని బావ కనిపెట్టాడు. అప్పట్నుంచి ఫోను మోగితే ఇంట్లో మొదట వినిపించే మాట "కాలు చాపు."

అన్నిటికన్నా పెద్ద లాభం మానసికం. నాలో ఎక్కడో ఏదో వదులుగా ఉందని చిన్నప్పట్నుంచీ అనుమానం. ఏళ్ల తరబడి ఒంటరిగా కూర్చుని లోపలికి తొంగిచూసినా అదెక్కడో దొరకలేదు. ఇప్పుడు మొత్తం నట్లు ఆరే. వరసగా ఉన్నాయి. వేలు పెట్టి చూపించొచ్చు.

ఇరవై మూడో రోజున అక్క వేడినీళ్లలో ముంచిన గుడ్డతో మేకుల చుట్టూ తుడుస్తూ, మూడో నట్టు దగ్గర ఆగింది.

"ఇది కదులుతున్నట్టుంది."

"వాడికో నట్టు లూజని పెళ్లప్పుడే చెప్పాగా," అన్నాడు బావ. అన్నాడే గానీ మొహంలో నవ్వు లేదు. ఫొటో తీసి డాక్టరుకి పంపాడు. అరగంటకి ఫోను మోగింది. నేను కాలు చాపాను.

"అన్నా, ఫొటో చూశాను," అంది డాక్టరు గొంతు. "మూడో నట్టు వదులు..."

లైను తెగిపోయింది. తర్వాత నేను కాలు ఎన్ని దిక్కులకి చాపినా కలవలేదు.

బావ పానా తీశాడు. "వదులుగా ఉందంటున్నాడు. బిగించాలి."

"వదులు చెయ్యమన్నాడు," అంది అక్క. "మీరు మొన్న మరీ బిగించేసి ఉంటారు. మీ చేతి బిగువు నాకు తెలీదా? పచ్చడి సీసా మూత తియ్యలేక చస్తున్నా."

నాకు మూడో అర్థం తోచింది. "దాన్ని వదులు అన్నాడేమో బావా. అంటే, జోలికి పోకు అని."

"డాక్టరు నన్ను నువ్వు అంటాడా? వదలండి అనాలి కదా?"

"అన్నా అంటున్నాడుగా," అంది అక్క. "అన్నని అండీ అంటారా ఎవరైనా?"

పాఠకులారా, మైనస్ నలభైలో పరీక్షించారు, ఉప్పునీటిలో నానబెట్టారు. తెలుగులో పరీక్షించారా? ఒక్క మాటకి మూడు అర్థాలు, మూడింటికి మూడు రకాల కాళ్లు. బావ పానా నట్టుకి తగిలించాక నేను కళ్లు మూసుకున్నాను. కనిపించింది నొప్పి కాదు. పదకొండు కుర్చీలు కనిపించాయి.

బావ అర చుట్టు బిగించాడు. అక్క ఊరుకోలేదు. బావ అర చుట్టు వదులు చేశాడు. నట్టు మొదట ఉన్న చోటికే వచ్చింది. అంటే నా అర్థమే అమలైంది. ఆ ఇంట్లో నా మాట నెగ్గడం అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు సందేశం చేరింది. "మూడో నట్టు వదులు అయితే ఎవరూ ముట్టుకోవద్దు అన్నా. వెంటనే ఆస్పత్రికి తీసుకొచ్చెయ్యండి."

బావ దాన్ని రెండుసార్లు చదివి ఫోను బోర్లించాడు.

ఆ వెంటనే అన్నది నాలుగో రోజున మొదలైంది, సామాన్ల కూలీలు వచ్చాక. మళ్లీ తలుపు. ముందు కొసన బావ కూడా భుజం పెట్టాడు. రెండు రోజుల దారిలో ఆయన నాతో అన్నది ఒక్క మాటే: "నొప్పిగా ఉంటే చెప్పరా, ఊరికే ఆలోచిస్తూ పడుకోకు."

డాక్టరు ఎక్స్‌రే చూశాడు, పానా అడిగాడు, మూడో నట్టు ముప్పావు చుట్టు తిప్పాడు. అర నిమిషం పట్టింది. ఎముక పక్కకి ఒరగడం మొదలైందనీ, ఇంకో వారం ఆలస్యమైతే విరగ్గొట్టి మళ్లీ అతకాల్సి వచ్చేదనీ చెప్పాడు. "భయం లేదు, మెట్లెక్కుతారు," అన్నాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. దాన్ని వదిలేలోపే ఆయన మాట పూర్తి చేశాడు. "కానీ నాలుగు నెలల పాటు వారం వారం నాకు చూపించాలి."

వారం వారం తలుపు ఎవరు మోస్తారు? మా శాఖ దయతో వెంటనే ఏర్పాటు చేసింది. ఈ వ్యాసం కింది ఆఫీసు గదిలోంచే రాస్తున్నాను. నాది పన్నెండో కుర్చీ. సంగతులేమిటో ఈ పూటకి ఇప్పటికే పదకొండు సార్లు చెప్పాను.

నిన్న పరికరం కంపెనీ మనిషి వచ్చాడు. మారుమూల ప్రాంతంలో తమ రాడ్డు ఘనవిజయం సాధించిందని అచ్చు వేసిన కాగితం మీద సంతకం అడిగాడు. మనస్ఫూర్తిగా పెట్టాను. అడుగున "మెరుగుదలకు మీ సూచనలు" అని కొంచెం ఖాళీ ఉంది. ఇలా రాశాను:

"పరికరం అద్భుతం. ఇలాంటిదే ఇంకొకటి దయచేయించండి. పొడవు ఇరవై ఆరు కిలోమీటర్లు, వెడల్పు ఒక జీపు పట్టేంత. నట్లు అక్కర్లేదు. పేరు రాసేటప్పుడు మాత్రం మొదటి అక్షరానికి దీర్ఘం తీసేసి ఓత్వం ఇవ్వండి."