కళ్ళద్దాల షాపు ముందు నల్లకుక్క

ఆ ఆదివారం ఉదయం అచ్చుతప్పులాయనకు మూడే పనులున్నాయి. కుక్కను తిప్పుకు రావాలి, కళ్ళద్దాలకు ఊడిపోయిన మర బిగింపించుకోవాలి, పదకొండు గంటలకు ఇంటాయన వచ్చేసరికి ఇంట్లో ఉండాలి.

ఆయన ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. ఇరవై రెండేళ్ళుగా ఇతరుల పుస్తకాల్లో తప్పులు పట్టడమే ఉద్యోగం. వీధిలో ఎవరు కరపత్రం వేయించినా, షాపుకు బోర్డు రాయించినా ముందు ఆయనకు చూపించేవారు. అందుకని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పెద్దా చిన్నా అందరికీ ఆయన అచ్చుతప్పులాయనే.

కుక్కను తుంటరి అని పిలిచేవారు. ఒళ్ళంతా నలుపు, మూడేళ్ళ వయసు. ఆ మూడేళ్ళలో అది మారుమాట లేకుండా విన్న ఆజ్ఞ "తిను" ఒక్కటే. పేపరు పడితే అరుస్తుంది, పడకపోతే ఎందుకు పడలేదని అరుస్తుంది. పైవాటాలో ఉండే ఇంటాయన రెండేళ్ళు ఓర్చుకున్నాడు. గురువారం నాడు తలుపుకు ఒక చీటీ అంటించాడు. ఆదివారం పదకొండింటికి స్వయంగా వస్తానని, ఆ కుక్క తన ముందు ఇంకొక్కసారి అరిస్తే నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలని దాని సారాంశం. చీటీలో రెండు అచ్చుతప్పులున్నాయి. అచ్చుతప్పులాయన వాటిని దిద్దలేదు. పదిహేనేళ్ళుగా ఉంటున్న ఇల్లది. నర్సుగా పనిచేసే భార్యకు ఆసుపత్రి రెండు వీధుల అవతలే. అందుకే ఆ చీటీ చదివిన దగ్గరనుంచి ఆయనకు అన్నం సరిగ్గా సయించలేదు.

భార్య ఆ ఉదయమే బస్టాండుకు బయలుదేరింది. ఆమె అక్క నాలుగేళ్ళ తర్వాత వస్తోంది. అగ్నిమాపక శాఖలో ఆఫీసరు, ఊరూరా తిరిగే ఉద్యోగం. చెప్పులు వేసుకుంటూ భార్య ఎప్పుడూ చెప్పే మాటే మళ్ళీ చెప్పింది. కుక్కను షాపు బయట కట్టేసి లోపలికి వెళ్ళకూడదు. ఎవరేం పెడతారో తెలియదు, ఏ బండి వెనక్కి వస్తుందో తెలియదు, ఎవరు విప్పుకు పోతారో అసలే తెలియదు. రెండు పనులూ విడివిడిగా చేసుకోమంది. ఆయన బుద్ధిగా తలూపి, ఆమె వీధి మలుపు తిరగగానే కుక్కను, కళ్ళద్దాలను కలిపి తీసుకుని బయలుదేరాడు.

కళ్ళద్దాల షాపు, బేకరీ పక్కపక్కనే ఉంటాయి. రెంటికీ ముందు ఒకటే పొడవాటి ఇనుప కమ్మీ. రెండు తలుపుల మీదా కుక్కలను లోపలికి తేవద్దన్న బోర్డులు. ఆయన తుంటరి నీలం తాడును కమ్మీకి రెండు ముళ్ళు వేసి కట్టి, రెండు నిమిషాల్లో వస్తానని దానికి చెప్పి మరీ లోపలికి వెళ్ళాడు.

రెండు నిమిషాలు పాతిక నిమిషాలయ్యాయి. షాపతను అద్దాలను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, మర ఒక్కటే కాదు, కీలు కూడా అరిగిందని, సాయంత్రం దాకా వదిలేయాల్సిందేనని తేల్చాడు. గడియారం పదిన్నర చూపిస్తోందని కూడా అతనే చెప్పాల్సి వచ్చింది. అద్దాలు లేకపోతే అచ్చుతప్పులాయనకు ప్రపంచం తడిసిన కాగితంలా కనిపిస్తుంది.

ఆయన హడావుడిగా బయటికి వచ్చాడు. కమ్మీ దగ్గర ఒక నల్లకుక్క, దానికో నీలం తాడు. అంతకన్నా వివరంగా చూసే శక్తి లేదు, తీరికా లేదు. తాడు విప్పి నడక మొదలుపెట్టాడు. కమ్మీకి అటు చివర, ఆగి ఉన్న వ్యాను నీడలో మరో నల్లకుక్క మరో నీలం తాడుతో వెల్లకిలా పడి నిద్రపోతున్న సంగతి ఆయన కంటికి ఆనలేదు.

పది అడుగులు వేశాక ఏదో తేడాగా ఉందనిపించింది. భుజం నొప్పి పుట్టడం లేదు. మామూలుగా అయితే ఈపాటికి తుంటరి ఆయన్ను ఒక చెత్తకుండీ, ఒక సైకిలు, ఇద్దరు పరిచయస్తుల మీదుగా ఈడ్చుకుపోయి ఉండాలి. ఇప్పుడు తాడు వదులుగా వేలాడుతోంది. కుక్క ఆయన ఎడమ మోకాలి పక్కనే, అడుగుకు అడుగు కలిపి నడుస్తోంది. రోడ్డు దాటాల్సిన చోట తనంత తాను ఆగి కూర్చుంది. ఒక లారీ వెళ్ళిపోయాక లేచి, ఇక రావచ్చన్నట్టు ఆయన వైపు చూసింది. ఎదురుగా ఒక పిల్లి తోక ఎత్తుకుని అడ్డంగా పోయింది. కుక్క దానివైపు తలైనా తిప్పలేదు.

 మూడేళ్ళ ఓపిక ఊరికే పోలేదనుకున్నాడు అచ్చుతప్పులాయన. ఇల్లు పోయే గండం వచ్చిందని మూగజీవానికి ఎలాగో తెలిసిపోయిందనుకున్నాడు. చాకలి షాపు ముందు నిలబడ్డవాళ్ళు మాటలాపి చూశారు. ఒకాయన ఇది మీ కుక్కేనా అని అడిగాడు. ఆయన కాస్త గర్వంగానే అవునన్నాడు.

ఇంటికి చేరేసరికి పదకొండుకు ఐదు నిమిషాలు. కుక్క గుమ్మం బయట ఆగి, రమ్మన్నాకే లోపలికి వచ్చింది. ముందుగదిలో ఒక మూల కూర్చుని కదలకుండా ఉండిపోయింది. దాని ఎదురుగా కుర్చీలో ఆయన కూడా అలాగే కూర్చున్నాడు. ఎందుకో దాని ముందు కాలు మీద కాలు వేసుకోవడానికి మనసొప్పలేదు.

సరిగ్గా పదకొండింటికి ఇంటాయన వచ్చాడు. రావడమే చిరాగ్గా వచ్చాడు. ఆ ఉదయం ఈ కుక్క గురించే ఆయనకూ ఇంటావిడకూ మాటామాటా పెరిగిందట. కుక్కకు నోరుంది కనక అరుస్తుంది, మీకూ ఉంది కదా అని ఆవిడ అందట. ఆ తర్వాత కనిపించలేదు. కోపమొచ్చి చెల్లెలింటికి వెళ్ళిపోయి ఉంటుంది, సాయంత్రానికి అదే వస్తుంది అన్నాడు. వెనకవీధి వడ్రంగి షాపులో రంపం మిషను పొద్దుటినుంచీ మోగుతూనే ఉండటంతో ఈ మాటలన్నీ ఆయన కేకలుపెట్టి చెప్పాల్సి వచ్చింది.

అన్ని కేకలకూ కుక్క కిక్కురుమనలేదు. ఇంటాయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. పరీక్షించడానికి నేలమీద చేతికర్రతో తట్టాడు. కుక్క ఆయన్ను మర్యాదగా చూసింది. ఇంటాయన గొంతు దానంతటదే తగ్గింది. దీనికేమైనా మందు పెట్టారా అని అడిగాడు.

అప్పుడు కుక్క తల పైకెత్తింది. చెవులు నిక్కపొడుచుకుని, ముక్కు గాలిలో అటూ ఇటూ కదిలించి, లేచి బయటికి నడిచింది. పరిగెత్తలేదు, తడబడలేదు. తెలిసిన ఆఫీసుకు వెళ్తున్న ఉద్యోగిలా మెట్లెక్కింది. ఇద్దరూ దాని వెనకాలే వెళ్ళారు. ఎందుకు వెళ్తున్నారని ఒకరినొకరు అడగలేదు. పైవాటా దాటింది. ఇంకా ఎక్కింది. మేడమీద, రేకుల కప్పు కింద పాత సామాన్ల గది ఉంది. దాని తలుపు బయట గడియ పడి ఉంది. కుక్క ఆ తలుపు కిందిసందు దగ్గర ముక్కు ఆనించి, వెనక్కి జరిగి కూర్చుని, ఒక్కసారి అరిచింది. గుడిగంట మోగినట్టు నిండైన అరుపు.

అచ్చుతప్పులాయన గబుక్కున దాని తాడు అందుకున్నాడు. ఇంటాయన మాత్రం పోయిన ధైర్యం తిరిగొచ్చినవాడిలా నిటారుగా నిలబడ్డాడు.

"విన్నారుగా. ఇందుకే చెప్పాను. నెలాఖరుకి ఖాళీ చెయ్యండి."

వెనకవీధిలో రంపం అప్పుడే ఆగింది. తలుపు లోపలినుంచి ఒక నీరసమైన గొంతు వినిపించింది.

"ఖాళీ సంగతి తర్వాత. ముందు తలుపు తియ్యండి."

గడియ తీయడానికి ఇంటాయన మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. లోపల ఇంటావిడ ఒక పాత ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. చీరంతా చెమటకు తడిసిపోయింది, పెదవులు ఎండిపోయాయి. మాటామాటా అనుకున్నాక దుప్పట్లు దించుదామని ఎనిమిదింటికి పైకొచ్చిందట. గాలికి తలుపు దభాలున పడి బయట గడియ జారిపోయింది. తలుపు బాదింది, పిలిచింది. రంపం చప్పుడులో ఎవరికీ వినిపించలేదు. చివరికి పిలవడానికి ఓపిక లేక, పైన రేకులు కాలుతుంటే, ఊరుకుంది. ఇంకో గంటయితే ఏమయ్యేదో ముగ్గురికీ తెలుసు. ఇంటాయన పరుగున వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి తానే తాగించాడు.

కుక్క వెళ్ళి ఆవిడ పాదాల పక్కన ఒరిగి పడుకుంది. ఆవిడ దాని తలమీద చెయ్యి వేసింది.  ఇంటాయన గుమ్మం మీదే చతికిలబడి ఆ కుక్కకేసి చూస్తూ ఉండిపోయాడు. పసిపిల్లలు మొదటిసారి సముద్రాన్ని చూసే చూపు అది. కాసేపటికి, అది ఉన్నన్నాళ్ళూ ఈ ఇల్లు మీదేనని నెమ్మదిగా అన్నాడు.

సరిగ్గా అప్పుడే కింద గేటు దగ్గర ఆకాశం బద్దలయ్యేలా మొరుగుడు వినిపించింది. అచ్చుతప్పులాయనకు ఆ గొంతు తెలుసు. మూడేళ్ళుగా నిద్రలో కూడా వింటున్న గొంతు. ఆయన ఇంటావిడ కాళ్ళ దగ్గరున్న కుక్కను చూశాడు, మెట్లవైపు చూశాడు. 

ముందుగా తుంటరి వచ్చింది, మూతినిండా కేకు క్రీముతో. తాడు రెండో కొసన, బస్సులో రావాల్సిన వదిన వచ్చింది, జుట్టు రేగిపోయి, ఒక చెప్పు లేకుండా. వెనక భార్య వచ్చింది. మేడమీద కాలు పెడుతూనే వదిన ఆగిపోయింది. అంతదాకా బొమ్మలా ఉన్న ఆ పెద్ద కుక్క క్రమశిక్షణంతా మరిచిపోయి, తోక నేలకేసి టపటపా కొట్టుకుంటూ ఆమె మీదికి దూకింది. వదిన అక్కడే కూలబడి దాని మెడ కావలించుకుంది. శిథిలాల కింద మనుషులను వెతికే దళంలో ఎనిమిదేళ్ళుగా ఆమె పక్కన పనిచేస్తున్న కుక్క అది. కూలిన మేడల కిందినుంచి పదకొండు మందిని ప్రాణాలతో బయటికి తీయించింది. తాడు ఎవరు పట్టుకుంటే వాళ్ళతో నడవడం దాని శిక్షణలో భాగం.

ఆమె నెమ్మది మీద చెప్పుకొచ్చింది. చెల్లెలింటికి వట్టి చేతులతో ఎందుకని ముందు స్టాపులోనే దిగి, కుక్కను కమ్మీకి కట్టి బేకరీలోకి వెళ్ళింది. తిరిగొస్తే తన కుక్క లేదు, ఇంకొకటి ఉంది. దాని యజమాని పొరపాటు తెలుసుకుని వస్తాడని ముప్పావుగంట నిలబడింది. ఫోను తీసి చెల్లెలి నంబరు దాకా వెళ్ళి, ఏమని చెప్పాలో తెలియక సంచీలో పెట్టేసింది.  చివరికి తుంటరితోనే ఇంటికి పద అంది. అది దారిలోని చెత్తకుండీలన్నీ పరిచయం చేస్తూ తీసుకొచ్చింది. బస్టాండు నుంచి ఉత్తచేతులతో తిరిగొస్తున్న భార్య వీధి చివర వాళ్ళకు తగిలింది.

ఇంటాయన రెండు కుక్కలను మార్చి మార్చి చూశాడు. తుంటరి ఆయన్ను గుర్తుపట్టి మొరగడం మొదలుపెట్టింది. అచ్చుతప్పులాయన ఊరుకోవచ్చు. కానీ కనబడిన తప్పును కనబడనట్టు వదిలేయడం ఇరవై రెండేళ్ళలో ఆయన నేర్చుకోలేదు.

"ఇది మా కుక్క కాదండి," అన్నాడు తలవంచుకుని. "ఆ అరిచేదే మాది. మీరిచ్చిన మాట దానికి చెల్లదు."

ఇంటాయన నోరు తెరిచేలోగా ఇంటావిడ అందుకుంది. "నేను మూడు గంటలు అరిస్తే మీకు వినబడలేదు. అది ఎప్పుడు అరిచినా రెండేళ్ళుగా వినబడుతోంది. దాన్ని ఇక్కడే ఉండనివ్వండి. మళ్ళీ అవసరం పడితే మీచేత తలుపు తీయించే గొంతు ఇంట్లో ఒకటుండాలి."

ఇంటాయన సరేనన్నట్టు తలూపాడు. ఇంటావిడ అచ్చుతప్పులాయన వైపు తిరిగి, మీరు కుక్కను అలా బయట కట్టేయబట్టే నేను బతికానని మెచ్చుకుంది. భార్య ఆవిడ మణికట్టు పట్టుకుని నాడి చూస్తూనే ఆ మాట ఒప్పుకోలేదు.

"అది మన అదృష్టమండీ. అదృష్టాన్ని నమ్ముకుని రేపు ఇంకో కుక్కని కట్టేసి రాలేం కదా. మా అక్క మొహం మీరు వీధిలో చూడలేదు."

 వదిన తన కుక్క మెడమీంచి చెయ్యి తియ్యలేదు.

భార్య నాడి లెక్కపెట్టడం పూర్తిచేసి, చెయ్యి వదిలి, భర్తనూ అక్కనూ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఇంతకీ బయట కట్టేసి ఎంతసేపు లోపలున్నారని అడిగింది.

"రెండు నిమిషాలే," అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె ఒక్కతే మాట్లాడింది.