లూపె భుజానికి ఒంటి పాంగ

ఆ శనివారం పొద్దున లతు పెట్టుకున్నది పెద్ద పనేమీ కాదు. కొట్టుకు పోయి రొట్టె కొనడం, ఇంటికొచ్చి టీలో ముంచుకుని తినడం, గడ్డం గీసుకుని చర్చి హాలుకు పోయి వెనక వరసలో కూర్చోవడం. చర్చి పైకప్పు బాగుచేయించడానికి డబ్బు కావాలని ఊరి ఆడవాళ్ళు నాట్యం చేస్తున్నారు. వాళ్ళలో లూపె కూడా ఉంది. వెనక వరసలో అయితే ఎంతసేపు చూసినా ఎవరూ పట్టించుకోరు.

కొట్టువాడిచ్చిన చిల్లరలో ఒక కాగితం గుడ్డపేలికలా మెత్తగా తగిలింది. చూస్తే పాత ఒంటి పాంగ నోటు. టోంగాలో ఒంటి పాంగకు నాణెం వచ్చాక ఇలాంటి నోటు లతు కంటపడటం ఇదే మొదటిసారి.

"ఎవరో ఇస్తే తీసుకున్నానయ్యా. వద్దంటే నాణెం ఇస్తాలే" అన్నాడు కొట్టువాడు.

"వద్దొద్దు, ఇదే ఉండనీ" అని లతు రొట్టె అక్కడే మర్చిపోయి బయటికి వచ్చేశాడు.

నలభై ఏళ్ళ కిందట, పడవ ఇంజన్ల పని నేర్చుకునే రోజుల్లో అతని దగ్గర సరిగ్గా ఇలాంటి నోటే ఒకటి ఉండేది. అప్పుడు లూపె ఇదే హాల్లో నాట్యం చేసింది. ఒంటికి కొబ్బరినూనె పట్టించుకుని ఆడుతున్న ఆమెకు, నచ్చినవాళ్ళంతా వెళ్ళి నోట్లు అంటిస్తున్నారు. లతు జేబులో ఉన్నది ఆ ఒక్క పాంగే. వెళ్ళి ఆమె భుజానికి అంటించాడు. ఆమె నవ్వింది. మెచ్చి నవ్విందో, ఒంటి పాంగను చూసి నవ్విందో తేల్చుకోలేక అతను మళ్ళీ ఎదుటపడలేదు. తేలేలోపు ఆమె పెళ్ళి చేసుకుని పక్క దీవికి వెళ్ళిపోయింది. లతుకు ఇంకెవరి మీదా మనసు పోలేదు. భర్త పోయాక, ఈ ఏడు వానలు మొదలైనప్పుడు లూపె తిరిగొచ్చింది. చుట్టుదారైనా సరే లతు రోజూ ఆమె ఇంటి ముందు నుంచే సముద్రానికి వెళుతున్నాడు. తలుపు మాత్రం తట్టలేదు. తట్టి ఏమంటాడు? ఈ నోటు ఆమె భుజానికి అంటిస్తే అదే చెబుతుంది, నోరు విప్పాల్సిన అవసరం ఉండదు. అతని గుండె ఇరవై ఏళ్ళ కుర్రాడి గుండెలా కొట్టుకుంది.

హాలు గుమ్మంలో మేనత్త కలోలైన్ ఎదురైంది.

"ఒరే లతూ, చేతిలో ఏంట్రా అది?"

"ఏం లేదత్తా, పాత కాగితం."

"నోటేగా. నేను డబ్బు ఇంట్లో మర్చిపోయాను. ఇలా తే."

మేనత్త అడిగితే పడవైనా, పందైనా, పరుపైనా ఇవ్వాల్సిందే. లేదనే మేనల్లుడు టోంగాలో ఇంకా పుట్టలేదు. లతు ఇచ్చాడు. కలోలైన్ చరచరా వెళ్ళి, అప్పటికే ఆడుతున్న లవీనియా టీచరు మోచేతికి దాన్ని అంటించేసింది. లవీనియా పెళ్ళి చేసుకోని మనిషి, ఊరి పిల్లలందరి చెవులూ మెలిపెట్టిన మనిషి.

అంటించిన నోటును తీయడం చర్చిలో దొంగతనంతో సమానం. లతు ఆలోచించాడు. ఇరవై పాంగల నోటు తీసి దాని పక్కనే అంటిస్తూ, పాతది జారి కింద పడితే ఏరుకుందామని చిటికెన వేలితో దాన్ని గీరాడు. నూనెకు అది జారి భుజం మీదికి పాకింది. ఇంకో ఇరవై తీశాడు. అది మెడ వెనక్కి పోయింది. లతు కూడా ఆమె వెనక్కి వెళ్ళాడు. హాలంతా చప్పట్లు.

"ఏంటయ్యా లతూ" అంది లవీనియా, ఆట ఆపకుండా. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?"

"అబ్బే, ఇంకొకటి అంటిద్దామని, టీచర్."

మూడో ఇరవైకి కలోలైన్ కళ్ళు ఒత్తుకుంటూ లేచింది. "మా వాడికి ఇప్పటికి బుద్ధొచ్చింది. ఇద్దరూ ఒంటరివాళ్ళే. ఈ పెళ్ళి నేను చేస్తా" అని అందరికీ వినబడేలా ప్రకటించింది. మేనత్త ప్రకటించాక కాదనడానికి లతుకు నోరెక్కడిది? ముందు వరసలో లూపె తన వంతు కోసం నూనె రాసుకుని కూర్చుని ఉంది. ఆమె తల దించుకోవడం అతను చూశాడు. ఆ నలభై ఏళ్ళూ ఒక్కసారిగా మీద పడ్డట్టయింది.

అంతలో నోటు జారి నేలమీద పడింది. డబ్బు ఏరుతున్న చర్చి పెద్ద దాన్ని పైకెత్తి చూపించాడు. "ఈ పాతది ఎవరిది? చెల్లేది ఇచ్చి దీన్ని తీసుకుపోండి."

"మా లతుది" అంది కలోలైన్, ఏమాత్రం తడుముకోకుండా.

"కాదు, నాది" అని లూపె లేచి నిలబడింది.

లతు ఆమె దగ్గరకు నడిచాడు. ఇంతకాలం ఆ నాలుగడుగులు వేయలేకపోయినందుకు తన మీద తనకే జాలేసింది.

"నీదెలా అవుతుంది? పొద్దున కొట్లో నాకు చిల్లరగా వచ్చింది."

"నిన్న నేనే ఇచ్చాను దాన్ని, రొట్టె కొనడానికి. ఇలాంటిది ఈ ఊళ్ళో ఇంకెవరి దగ్గరుంటుంది? ఆ రోజు నువ్వు అంటించిన నోటే ఇది, పెళ్ళి చేసుకుని వెళ్ళినప్పుడూ పారేయలేకపోయాను."

"మరి నిన్న ఎందుకు ఇచ్చేశావు?"

"రోజూ మా గుమ్మం ముందు నుంచి పోతావు. ఒక్కసారి లోపలికి రావు. నీ గుర్తు దాచుకుని ఏం లాభమనిపించింది."

లతుకు అడగాల్సింది ఒకటే మిగిలింది. "ఆ రోజు ఎందుకు నవ్వావు? ఒంటి పాంగని చూసా?"

"అప్పుడు నోటు ఎంతదో నేను చూడనేలేదు లతూ. నీ చెయ్యి వణికింది, అందుకు నవ్వాను."

ఆ చెయ్యి ఇప్పుడూ వణుకుతూనే ఉంది. లూపె దాన్ని పట్టుకుంది, నూనె చేతులతోనే.

ఈ సంబంధం కుదిర్చింది తానేనని కలోలైన్ ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటుంది. పెళ్ళికూతురు మారడం ఆమె దృష్టిలో చిన్న సవరణ.